ఎకరానికి 45 వేలా, 25 వేలా?

ప్రశ్న: నమస్తే అండీ. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పల్నాడు జిల్లాలో మాకు అయిదెకరాల నల్లరేగడి ఉంది, బోరు కూడా ఉంది. నాన్న పోయాక భూమి వ్యవహారం నా మీద పడింది. నాన్న ఉన్నప్పటి నుంచీ ఒకాయనే కౌలుకు చేస్తున్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. మిర్చి వేస్తారు. 2022 దాకా ఎకరానికి 22 వేలు ఇచ్చేవారు. 2023లో 45 వేలకు ఒప్పుకుని ఉగాదికే మొత్తం కట్టేశారు. నిరుడు, 2024లోనూ అంతే. ఈ ఏడు మాత్రం 25 వేలైతేనే చేస్తానంటున్నారు. ఉగాది నుంచి ఈ విషయం నానుతోంది. అన్నయ్య అమెరికా నుంచి ఫోన్ చేసి ‘అన్నిటి రేట్లూ పెరుగుతుంటే మన కౌలు తగ్గడమేంటి? ఎకరం 30 లక్షలు చేసే భూమికి 25 వేలా?’ అంటున్నాడు. పక్క ఊరాయన ఒకరు 40 వేలు ఇస్తానని కబురు పెట్టారు. అమ్మేమో బాబాయ్‌ని మార్చొద్దంటోంది. ఆయన ఖర్చుల లెక్క కాగితం మీద రాసి వాట్సాప్‌లో పంపారు, జత చేస్తున్నాను. అందులో నిజమెంతో నాకు తెలియడం లేదు. ఎంత అడిగితే న్యాయం?
– ఓ పాఠకురాలు

జవాబు:

అమ్మా, మీరు పంపిన కాగితాన్ని ఫోన్‌లో పెద్దది చేసుకుని రెండు మూడుసార్లు చదివాను. లాంగ్ నోట్‌బుక్‌లోంచి చించిన పేజీ. కొన్ని అంకెలు నీలం సిరాతో ఉన్నాయి, కొన్ని ఎరుపుతో. ఎరుపువన్నీ పురుగుమందుల కొట్టులో ఇంకా తీరని బాకీలని అడుగున చిన్న అక్షరాలతో రాశారు, మీరు గమనించారో లేదో. కోత కూలి దగ్గర ముందు 40 వేలు వేసి, కొట్టేసి, 45 చేశారు. బేరం కోసం వండిన లెక్కైతే ఇంత చిందరవందరగా ఉండదనిపించింది నాకు. సరే, నా నమ్మకాన్ని పక్కన పెట్టి లెక్కే చూద్దాం.

ఎకరానికి ఆయన రాసింది ఇదీ. దుక్కి, ట్రాక్టరు 9 వేలు. విత్తనం, నారు 15 వేలు. ఎరువులు 25 వేలు. పురుగుమందులు 45 వేలు. కలుపు, అంతరకృషి 20 వేలు. నీళ్లు, డీజిల్ 8 వేలు. కోత కూలి 45 వేలు. కళ్లంలో ఆరబోత, తాలు (రంగు పోయిన కాయ) ఏరడం, టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టడం, గుంటూరు మిర్చి యార్డుకు కిరాయి, కమీషన్ అన్నీ కలిపి 13 వేలు. మొత్తం 1,80,000. ఇందులో లక్ష రూపాయలు బయట తెచ్చినవి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఎనిమిది నెలలకు 16 వేలు. అంటే 1,96,000. దిగుబడి 20 క్వింటాళ్లు.

ఇందులో నాకు వింతగా తోచిన అంకె లేదు. పురుగుమందులకే 45 వేలా అని మీకు అనిపించవచ్చు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి పూతనంతా ఊడ్చిపెట్టింది. ఆ ఏడు ఏ మందు కొట్టాలో తెలియక రైతులు దొరికినవన్నీ కలిపి కొట్టారు. అప్పటి నుంచి పూతలో నాలుగు తామర పురుగులు కనిపిస్తే చాలు, మనిషికి నిద్ర ఉండదు, పంపు భుజానికెక్కుతుంది. కోత సంగతీ అంతే. మాఘం, ఫాల్గుణాల్లో చేలన్నీ ఒకేసారి పండుతాయి. ఊళ్లో కూలీలు చాలరు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వచ్చి కోస్తేగాని పల్నాట మిర్చి కళ్లానికి చేరదు. వాళ్లు అడిగింది ఇవ్వాల్సిందే. ఎర్రగా పండిన కాయ చెట్టు మీద ఆగదు కదా.

అయితే ఈ కాగితంలో ఒక పద్దు లేదు. ఆయనా ఆవిడా ఎనిమిది నెలలు ఆ చేలోనే ఉన్నారు. దానికి ఒక్క రూపాయి వేసుకోలేదు. నేను వేస్తాను, ఎకరానికి 30 వేలు. అయిదెకరాలకు లక్షన్నర, ఇద్దరికీ కలిపి. నెలకు మనిషికి తొమ్మిది వేల చిల్లర పడుతుంది. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఈ జీతానికి వస్తాడేమో అడిగి చూడండి. ఇది కలిపితే ఎకరం ఖర్చు 2,26,000. ఈ అంకెను గుర్తుంచుకోండి, ఇక మీదట అంతా దీని మీదే నడుస్తుంది.

2022-23 పంట చేతికొచ్చేసరికి గుంటూరు యార్డులో క్వింటాల్ 20 వేలు దాటింది. ముందేడు పురుగు తిన్న తిండికి సరుకు తగ్గిపోయి, వ్యాపారులు ఎగబడ్డారు. 20 క్వింటాళ్లకు 20 వేల చొప్పున నాలుగు లక్షలు. ఖర్చు ఇప్పటి అంకెలే వేసుకున్నా ఎకరానికి 1,74,000 మిగులు. అందులో మీ నాన్నగారు తీసుకున్నది 22 వేలు. అంటే ఆ ఏడు లాభంలో ఎక్కువ భాగం బాబాయ్‌దే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే 2023 ఉగాదికి మీరు 45 వేలంటే కిక్కురుమనకుండా కట్టారు. (అంతకు ముందేడు పురుగు వల్ల ఎంత పోగొట్టుకున్నారో మాత్రం మీకు చెప్పి ఉండరు. అడగండి.)

ఇక మొన్నటి పంట. 2025 ఫిబ్రవరికి ధర ఎంతగా పడిందంటే, మద్దతు ధరల జాబితాలోనే లేని మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాల్‌కు 11,781 రూపాయలు లెక్కగట్టి, ఆంధ్రలో 2.58 లక్షల టన్నుల వరకూ ఆదుకుంటామని చెప్పాల్సి వచ్చింది. యార్డులో అంతకన్నా తక్కువకే కాటా వేయించుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లు ఎందరో. మీ బాబాయ్‌కి ఆ 11,781 పూర్తిగా దొరికిందనే అనుకుందాం. 20 క్వింటాళ్లకు 2,35,620. అందులోంచి 2,26,000 తీసేయండి.

మిగిలింది 9,620 రూపాయలు.

ఆ ఏడు మీ ఎకరం సంపాదించింది అంతే. ఆయన అంతకు పది నెలల ముందే మీకు కట్టింది 45 వేలు. తేడా 35,380. అయిదెకరాల మీద లక్షా 77 వేలు. అది ఇద్దరి ఎనిమిది నెలల కష్టాన్ని మింగేసి, ఇంకాస్త అప్పు కూడా మిగిల్చింది. కాగితం మీద ఆ ఎర్ర అంకెలు ఇక్కడివే.

చూశారా, అదే నేల, అదే మనిషి, ఖర్చూ అదే. రెండేళ్ల తేడాలో ఎకరం మిగులు 1,74,000 నుంచి 9,620కి వచ్చింది. ధర సగానికి కాస్త పైన ఆగింది, మిగులు మాత్రం పద్దెనిమిదో వంతుకు పడింది. కౌలు సంగతి అంతా ఇక్కడే ఉంది. క్వింటాల్ ధర వెయ్యి రూపాయలు కదిలితే ఎకరానికి 20 వేలు కదులుతుంది. 14 వేలున్నప్పుడు మీ ఎకరం మిగులు 54 వేలు. 13 వేలైతే 34 వేలు. 12 వేలకు 14 వేలే. 11,300 దగ్గర సున్నా. బజార్లో ధర నూటికి ఏడు రూపాయలు తగ్గిందని పేపర్లో చదివి మనం పేజీ తిప్పేస్తాం, చేలో అప్పటికే కౌలు కట్టాల్సిన డబ్బులో మూడో వంతుకు పైగా ఎగిరిపోయి ఉంటుంది.

చిక్కేమిటంటే, కౌలు కుదిరేది నిరుటి ధర చూసి, కట్టేది వచ్చే ఏడాది పంటతో. ధర పెరిగాక ఒక ఏడు ఆగి కౌలు పెరుగుతుంది. ఆ కౌలు చూసి ఇంకా ఎక్కువ మంది మిర్చి వేస్తారు. సరుకు ఎక్కువై ధర పడుతుంది. కౌలు మాత్రం అక్కడే కూర్చుంటుంది, దిగమంటే దిగదు. ఊళ్లో ఎవరో ఒకరు ముందు తగ్గించి అడగాలి. ఈసారి మీ విషయంలో ఆ పని మీ బాబాయ్ చేశారు.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. ‘అన్నిటి రేట్లూ పెరిగాయి కాబట్టి కౌలూ పెరగాలి’ అనడం వినడానికి సబబుగానే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంటి అద్దె అలాగే పెరుగుతుంది కదా. కానీ మీ ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు అద్దె డబ్బును ఆ ఫ్లాట్‌లోంచే సంపాదించరు, బయట ఉద్యోగం చేసి జీతంలోంచి కడతారు. కౌలు రైతు మీ కౌలును మీ చేలోంచే తీయాలి. కూలి పెరిగినా, మందు ధర పెరిగినా, డీజిల్ పెరిగినా అవన్నీ ముందు తమ వాటా తీసుకుంటాయి. మిగిలిందాంట్లోంచి మీది. ఎకరం ఖర్చు 20 వేలు పెరగడమూ, మిర్చి ధర వెయ్యి తగ్గడమూ మీ కౌలుకు ఒకటే దెబ్బ. అందుకని ఖర్చులు పెరిగిన ఏడు కౌలు తగ్గాలే గాని పెరగకూడదు. ధర కూడా కలిసొచ్చి పెరిగితే అది వేరే సంగతి. రెండొందల ఏళ్ల కిందటే ఇంగ్లండ్‌లో డేవిడ్ రికార్డో అనే ఆర్థికవేత్త గోధుమల ధర గొడవలో ఈ మాటే చెప్పాడు: కౌలు ఎక్కువగా ఉండబట్టి ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరగబట్టే కౌలు పెరుగుతుందని. మన పల్లెల్లో ఆయన పేరు ఎవరూ వినలేదు, లెక్క మాత్రం అందరికీ తెలుసు.

30 లక్షల సంగతి కూడా చెప్పేస్తాను. 25 వేలంటే భూమి ధర మీద నూటికి ఒక్క రూపాయి కూడా కాదు, నిజమే. 45 వేలిచ్చినా ఒకటిన్నర. దీన్నిబట్టి కౌలు తక్కువైందనుకుంటున్నారు మీ అన్నయ్య. నన్నడిగితే భూమి ధరే మిర్చితో సంబంధం లేకుండా పెరిగిపోయింది. ఆ 30 లక్షల్లో రోడ్డు ఉంది, రేపెవరో వెంచర్ వేస్తారన్న ఆశ ఉంది, అమ్మాయి పెళ్లికి పొలం రాసివ్వాలన్న పట్టుదల ఉంది. వాటిలో ఏదీ కాయ కాయదు. భూమి ధర పెరిగితే లాభం మీకే వస్తుంది, బాబాయ్‌కి అందులో పైసా లేదు. అలాంటప్పుడు దాని మీద వడ్డీ ఆయన్ని కట్టమనడం ఏం బావుంటుంది? పైగా మీకొచ్చే కౌలు వ్యవసాయ ఆదాయం, దానికి నేరుగా ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. బ్యాంకు డిపాజిట్‌తో పోల్చేటప్పుడు అన్నయ్యకు ఈ ముక్క కూడా చెప్పండి.

ఇక 40 వేలిస్తానన్న పక్క ఊరాయన. ఆయన్ని మోసగాడనను. ముందస్తుగా కట్టే 40 వేలకు పది నెలల వడ్డీ వేస్తే 48 వేలు. మన 2,26,000తో కలిపితే 2,74,000. అంటే క్వింటాల్‌కు 13,700 దొరికితేనే ఆయన గట్టెక్కుతాడు. ఈ ఏడు ధర చూసి భయపడి చాలామంది మిర్చి మానేస్తారు, సరుకు తగ్గి వచ్చే వేసవికి ధర లేస్తుందని ఆయన లెక్క కావచ్చు. అలా లేచిన ఏళ్లూ ఉన్నాయి, కాబట్టి అది పిచ్చి పందెం కాదు. లేదంటే సొంత ట్రాక్టరు ఉండొచ్చు, ఇంట్లో పనిచేసే చేతులు అయిదారు ఉండొచ్చు. వాటికి కూలి వేసుకోకపోతే ఆయన ఖర్చు కాగితం మీద మన ఖర్చు కన్నా చాలా తక్కువ కనిపిస్తుంది. ఊళ్లో ‘నడిచే రేటు’ అంటారే, అది ఎలా పుడుతుందో తెలుసా? పదిమంది లెక్కలు సరాసరి తీస్తే పుట్టేది కాదు. అందరికన్నా ఎక్కువ ఆశపడ్డవాడో, తన ఒళ్లు అందరికన్నా చవగ్గా లెక్కేసుకున్నవాడో అన్న మాటే రేటవుతుంది. సొంత భూమి లేనివాళ్లు, ఎకరం అరెకరం ఉన్నవాళ్లు ఒక్కో చేను కోసం పోటీ పడే చోట కౌలు మిగులును దాటి పోతుంది. ఆ పైదంతా మనుషుల రెక్కల్లోంచి వచ్చేదే.

ఆయన్ని ఒకటి రెండు అడగండి. 40 వేలూ ఇప్పుడే కడతారా, సగం ఇప్పుడు సగం కోతకా? కోతకంటే, ధర పడిన ఏడు ఆ సగం మీకు రాదనే అనుకోండి. ఒక్క ఏడాదికా, మూడేళ్లకా? ఒక్క ఏడాదికే పట్టుబడితే నేల గురించి ఆయనకు బెంగ ఉండదు. మిర్చి మీద మిర్చి వేసుకుంటూ పోతే ఎండు తెగులు మీ నేలలో పాతుకుపోతుంది, ఆయన వేరే చేను చూసుకుంటాడు. మీ బాబాయ్ చెరువు మట్టి తోలించారా, మధ్యలో ఒక ఏడు పంట మార్చారా అన్నది మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. బహుశా ఆవిడ మార్చొద్దంటున్నది అందుకే కావచ్చు.

మరి బాబాయ్ 25 వేలన్నది సరైన అంకేనా? ఆయన చెప్పిందే వేదమని నేననను. ఇంకో దారిలో సరిచూద్దాం. మిర్చి అసలు వద్దనుకుంటే మీ నేలలో రెండో పంట ఏది? మీ వైపు పత్తి. 2025-26కి పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 8,110. ఎకరానికి తొమ్మిది క్వింటాళ్లు వస్తాయనుకుంటే 73 వేలు. ఇంటి కష్టంతో సహా ఖర్చు 50 వేలు వేసుకోండి. 23 వేలు మిగులు. వాన తడిసి తేమ ఎక్కువైతే కొనుగోలు కేంద్రంలో కోతలు పడతాయి, కాబట్టి 20 వేలనుకోవడం క్షేమం. మిర్చి ధర ఎంత పడినా మీ నేలకు కౌలు ఈ 20 వేల చుట్టూ ఆగుతుంది, ఎందుకంటే అప్పుడు ఎవరో ఒకరు పత్తి వేసుకుంటామని వస్తారు. బాబాయ్ 25 అన్నారంటే ఆ అడుగు రేటు కన్నా అయిదు వేలు ఎక్కువే అన్నారు. పీనాసి బేరమేం కాదు.

అలాగని మీరు 25కి ఒప్పుకుని ఊరుకోమని కూడా చెప్పను. రేపు మార్చిలో ధర మళ్లీ 18 వేలో 20 వేలో అయితే మీ అన్నయ్య ఫోన్ మోగుతూనే ఉంటుంది, మీకూ మనసులో పీకుతుంటుంది. ఒకే అంకె పెట్టుకుంటే ఏదో ఒక ఏడు ఎవరో ఒకరు ఏడవాల్సిందే.

గోదావరి డెల్టాలో దీనికి పాత ఉపాయం ఉంది, కౌలును రూపాయల్లో కాకుండా ధాన్యం బస్తాల్లో మాట్లాడుకుంటారు. బస్తా 75 కిలోలు. 2014-15లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాల్ 1,360, అంటే బస్తా 1,020 రూపాయలు. 2024-25కి క్వింటాల్ 2,300, బస్తా 1,725. పదిహేను బస్తాల కౌలనుకుంటే పదేళ్లలో 15,300 నుంచి 25,875 అయింది, మధ్యలో ఎవరూ ఎవరితోనూ బేరమాడకుండానే. ధరతో పాటు కౌలు తనంతట తనే నడుస్తుంది. కానీ పంట పోతే? 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. మా చుట్టాల ఊళ్లో ఒక కౌలు రైతు మొలకెత్తిన వరి పనను చేత్తో పట్టుకొచ్చి భూమి యజమాని అరుగు మీద పెట్టాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, బస్తాలు బస్తాలే అన్నాడు. రైతు ధాన్యం బయట కొని కౌలు కొలిచాడు. బస్తా కౌలు ధరను చూసుకుంటుంది గాని దిగుబడిని చూడదు, ఖర్చును అసలే చూడదు. దిగుబడిని కూడా చూడాలంటే కోరుకివ్వాలి, అంటే పండిన దాంట్లో ఇంత పాలని. కోరు చెయ్యాలంటే యజమాని ఊళ్లో ఉండాలి, కళ్లం దగ్గర నిలబడాలి. హైదరాబాద్‌లో స్టాండప్ మీటింగ్‌లో ఉండి టిక్కీలు లెక్కపెట్టలేరు కదా మీరు.

అందుకని మీకు సరిపడేది ఇలా ఉంటే బావుంటుంది. అడుగు కౌలు ఎకరానికి 20 వేలు, పంట పండినా ఎండినా ఇచ్చేది. దాని మీద, యార్డులో ఆయన వేసే రకానికి మార్చి నెల సగటు ధర 14 వేలు దాటితే, దాటిన ప్రతి వెయ్యికీ ఎకరానికి 5 వేలు. ధర 12 వేలుంటే మీకు 20 వేలే. 16 వేలైతే 30 వేలు. 20 వేలైతే 50 వేలు, అంటే మీరు ఇంతవరకూ తీసుకున్న అన్నిటికన్నా ఎక్కువ. వెయ్యి పెరిగితే ఆయనకు అదనంగా వచ్చే 20 వేలల్లో మీకు పావు వంతు, ముప్పావు ఆయనకు. చేను ఎండకు వానకు కాచుకుని కూర్చునేది ఆయన కాబట్టి అది సబబే. ధర తెలుసుకోవడానికి ఆయన అమ్మకం పట్టీ అడగొద్దు. ఏ రోజు అమ్మారు, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని పెట్టారు అని తవ్వుకోవడం మొదలైతే బాబాయ్ కూతురు వరసలు చెడిపోతాయి. యార్డు సగటు ఇద్దరికీ ఒకటే, ఎవరూ మార్చలేరు. పురుగో తుపానో వచ్చి పంట సగానికి పైగా పోతే అడుగు కౌలులోనూ సగం వదిలేస్తానని ఒక మాట కూడా రాసుకోండి. ఎంత పోయిందన్నది ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు చూసి చెబుతారు.

కట్టే వేళ కూడా మార్చండి, ఇది మీకు దాదాపు ఉచితం. ఎకరానికి 20 వేలు ముందే కట్టాలంటే ఆయన రెండు రూపాయల వడ్డీకి తేవాలి, పది నెలలకు 4 వేలు. అదే 20 వేలు మీరు బ్యాంకులో ఏడు శాతానికి వేసుకుంటే అన్ని నెలలకు మీకొచ్చేది పదకొండు వందల చిల్లర. మీకు పదకొండు వందల కోసం ఆయనకు నాలుగు వేలు చెయిజారుతోంది. నిరుటి 45 వేలకైతే ఆయన వడ్డీ 9 వేలు, అందుకే నేను మీ నిరుటి కౌలును 54 వేలనే అంటాను. ఇప్పుడు 5 వేలు బయానాగా తీసుకుని మిగతాది మార్చి ఆఖరుకు పెట్టుకోండి. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో మీ నాన్నగారికి ఎగ్గొట్టని మనిషి మీకు ఎగ్గొడతారని నేననుకోను.

ఇంకొకటి, మీ సంతకం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూమి యజమాని సంతకం పెడితే కౌలు రైతుకు పదకొండు నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు. దానితో పంట రుణానికి అర్హత వస్తుంది, పంట నష్టపరిహారం, బీమా సాగు చేసేవాళ్ల పేరున వస్తాయి. సంతకం పెడితే భూమి పోతుందని ఊళ్లల్లో భయపెడతారు. 1956 నాటి పాత కౌలు చట్టం రైతును తేలిగ్గా కదపనివ్వదన్న భయం అది, తాతల నాటి నుంచి అలాగే ఉండిపోయింది. ఈ కార్డు సాగుకే, మీ యాజమాన్యాన్ని అది ముట్టుకోదు, పదకొండు నెలలకు దాని గడువు తీరుతుంది. లెక్కలో దీని విలువ చూడండి. బయట లక్షకు ఎనిమిది నెలల వడ్డీ 16 వేలు. బ్యాంకులో ఏడు శాతానికి అదే లక్షకు 4,700 కూడా కాదు. ఎకరానికి 11 వేల పైన తేడా. ధర అయిదారొందలు పెరిగినంత లాభం, యార్డులో కాదు, మీ సంతకంలోనే ఉంది. ఒక్క చిక్కు: మీ నాన్నగారి పేరు మీదో మీ పేరు మీదో ఆ సర్వే నంబర్లకు ఇప్పటికే పంట రుణం ఉంటే బ్యాంకు ఆయనకు ఇవ్వదు. వెళ్లినప్పుడు పాస్‌బుక్ తీసి అది చూసుకోండి. ఉంటే తీర్చేసి, తర్వాతే కార్డు సంగతి మాట్లాడండి. వడ్డీ తగ్గిన ఏడు ‘నీకు మిగిలింది కదా, నాకో రెండు వేలు వెయ్యి’ అని మీరడిగినా తప్పేం లేదు, ఆయన కాదనరు.

నిరుటి 45 వేలల్లో కొంత వెనక్కిచ్చేయాలా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరంలో ఆ బాధ కనిపించింది. అక్కర్లేదు. 22 వేలిచ్చి నాలుగు లక్షల పంట తీసిన ఏడు ఆయనా వెనక్కివ్వలేదు. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే జరిగింది.

ఇది రాస్తున్నది 2025 జూన్ మొదటి వారంలో. జూలైలో నారు పోయాలి, అంతకన్నా ముందు విత్తనం బుక్ చేసుకోవాలి, చేను ఎవరిదో తేలకుండా ఆయన ఆ పని చెయ్యలేరు. ఫోన్లో తెగదు, ఈ ఆదివారం బస్సెక్కండి. అన్నయ్యను వీడియో కాల్‌లో పెట్టండి, అంకెలన్నీ ఆయన ముందే వేయండి. వాట్సాప్ ఫొటో చూపించకుండా అసలు నోట్‌బుక్ తెమ్మని బాబాయ్‌ని అడగండి. పక్క పేజీలో నిరుటి లెక్క కూడా ఉండే ఉంటుంది.